అక్క స్థలంలో మట్టి

మొదట నేను సాఫ్ట్‌వేర్‌ని తిట్టాను. తర్వాత తూకం మెషిన్ని తిట్టాను. అది కూడా నిక్షేపంలా ఉందని తేలాక జల్లెడలు అమ్మినవాణ్ని, ఓవెన్‌ని, ఆ పూట కరెంటు తీసినవాళ్లని వరసగా తిట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మాది గుడివాడ. మా ఇంట్లో తాతగారి దగ్గర్నుంచీ అందరూ బడిపంతుళ్లే కాబట్టి ఆ కోపానికి గొంతు కూడా తోడైంది. ల్యాబులో నేను గొంతెత్తితే ఎదురుగా టీ బడ్డీ దగ్గరున్నవాళ్లు కూడా గ్లాసులు పట్టుకుని ఇటు తిరుగుతారని మా ఓనరుగారు అంటూ ఉంటారు.

బందరులో అదొక చిన్న మట్టి పరీక్షల ల్యాబు. ఇల్లో, వంతెనో కట్టేముందు అక్కడి నేలలోంచి మట్టి తీసి పంపిస్తే, ఆ నేల ఎంత బరువు మోస్తుందో మేం చెబుతాం. పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టినప్పుడు, దాన్ని నడపడానికి మనిషి కావాలని నన్ను తీసుకున్నారు. అంతకుముందు గుడివాడలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పిల్లలకి చెప్పడం కంటే కంప్యూటర్‌కి చెప్పడం తేలికనుకుని రోజూ రైలెక్కి వచ్చాను. నా మొహం. పిల్లలు అర్థంకాకపోయినా కనీసం తలూపుతారు.

ఈ కొత్త సాఫ్ట్‌వేర్ ఊరికే తలూపే రకం కాదు. మా దగ్గర ఎక్కువగా జరిగేది జల్లెడ పరీక్ష. డెల్టాలో మట్టంతా నల్ల బంక. ఎండితే ఇనుపముద్ద, తడిస్తే జిగురు. దాన్ని ఉన్నదున్నట్టు జల్లిస్తే ఏమీ తెలియదు. అందుకని ముందు ఆరబెట్టి తూచి, నానబెట్టి, బాగా సన్నని జల్లెడలో పోసి కడుగుతాం. బంకంతా నల్లనీళ్లయి కిందికి పోతుంది. జల్లెడలో ఏ చారెడో ఇసక మిగులుతుంది. ఆ ఇసకని మళ్లీ ఆరబెట్టి తూచి, ఒకదాని మీద ఒకటి పేర్చిన జల్లెడల్లో పోసి ఊపుతాం. ఏ జల్లెడలో ఎంత ఆగిందో, అన్నిటికంటే కిందనుండే పళ్లెంలోకి ఎంత రాలిందో తూచి కంప్యూటర్లో కొడతాం. ఇవన్నీ కలిపితే, ఊపకముందు ఇసక ఎంత తూగిందో అంతే రావాలి. దుమ్ము కింద ఏ కాస్తో పోతే సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుంది. అంతకు మించితే గడి ఎర్రబడుతుంది, సేవ్ నొక్కనివ్వదు. పాతదానికి ఈ పట్టింపులేవీ లేవట. ఏది కొడితే అది తీసుకుని గీత గీసి చేతిలో పెట్టేదట.

ఆ రోజు ఎర్రబడింది అక్క మట్టి.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మా ల్యాబులో మట్టి కడిగేదీ, ఆరబెట్టేదీ, జల్లించేదీ ఆవిడే. సముద్రం ఒడ్డున గిలకలదిండిలో ఉంటుంది. భర్త సముద్రం మీద వేటకి వెళ్తాడు. వాళ్లమ్మ దివిసీమ మనిషి. ఉప్పెనలో అయినవాళ్లందరినీ పోగొట్టుకుని, ఒక్కతీ బతికి బందరు చేరిందట. ఆ తల్లి చేతిలో పెరిగింది కాబట్టేమో, ఎక్కడైనా టీవీలో వాయుగుండం అన్న మాట వినిపిస్తే చాలు అక్క చేతిలో పని ఆగిపోయేది. హెచ్చరిక వచ్చినప్పుడల్లా బట్టలూ కార్డులూ మూటగట్టుకుని స్కూలు బిల్డింగుకి పరిగెత్తి పరిగెత్తి ఆవిడకి ప్రాణం విసిగిపోయింది. నీళ్లకి దూరంగా నాలుగు గోడలు, మీద శ్లాబు ఉంటే చాలని, ఇంకేమీ అడగనని అనేది.

అందుకే భర్తని పోరి పోరి, పడవలో ఆయన వాటా అమ్మించి, మొవ్వ దగ్గర ఒక వెంచర్లో స్థలం కొన్నది. చుట్టూ వరిచేలు. సముద్రం గాలి కూడా సోకదు. ఆయన ఇప్పుడు ఇంకొకరి పడవ మీద కూలికి వెళ్తున్నాడు. శుక్రవారం శంకుస్థాపన. అది దాటితే మూఢం వచ్చేస్తుంది, మళ్లీ ఎప్పటికో గానీ మంచిరోజు లేదని పంతులుగారు చెప్పారు. మేస్త్రీ మాత్రం మట్టి రిపోర్టు చూడందే పునాది గోతుల మీద చెయ్యి వెయ్యనని భీష్మించుకుని కూర్చున్నాడు. మన ల్యాబు మనిషి ఇల్లు కదా, పరీక్ష మనమే చేసిపెడదాం అన్నారు ఓనరుగారు. అంటే మా కంప్యూటర్ సరేనంటే శుక్రవారం అక్క ఇంటికి ముగ్గు పడుతుంది. లేకపోతే లేదు.

మట్టి తీయడానికి మా మనుషులు చేత్తో తిప్పే ఆగర్ పట్టుకుని వెళ్లినప్పుడు అక్క కూడా వెళ్లింది. మనిషి లోతుకి పైగా దింపి, ఒక్కో లోతు దగ్గర మట్టి తీసి వేరువేరు సంచుల్లో కట్టారు. వచ్చేటప్పుడు ఆ సంచుల్ని ఆటోలో కింద పెట్టనివ్వలేదట. ఒళ్లో పెట్టుకుని వచ్చింది. చీర కుచ్చిళ్ల నిండా నల్లటి బంక.

"ఏంటక్కా, పసిపిల్లనా ఏంటి అది" అన్నాను.

"నా స్థలం కదండీ" అంది, సిగ్గుపడుతూ.

తనే కడిగింది, తనే ఆరబెట్టింది, తనే జల్లించింది. తూకాలు నాకు చెబుతుంటే నేను కొట్టాను. పై పొర మట్టి సరిపోయింది. దాని కిందది సరిపోలేదు. ఆ కిందదీ సరిపోలేదు. దుమ్ము కింద పోయే తేడా కాదది. జల్లెడల్లో పోసిన దాంట్లో దగ్గర దగ్గర సగం బయటికి రాలేదంటుంది కంప్యూటర్. సగం ఇసక ఎక్కడికి పోతుంది?

అంకెలు తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. అక్కని పక్కన నిలబెట్టి ఒక్కొక్క జల్లెడా మళ్లీ తూయించాను. అవే తూకాలు వచ్చాయి. గిన్నె బరువు రెండుసార్లు తీసేస్తున్నానేమోనని చూశాను, అదీ కాదు. తూకం మెషిన్ మీద కొలత రాళ్లు పెట్టి చూశాను. ఆ మెషిన్ నన్ను వెక్కిరిస్తున్నట్టు అచ్చు అంతే చూపించింది. ఇసక సరిగ్గా ఆరకముందే తూచామేమో, తడి బరువు ఎక్కువ చూపించిందేమో అని ఆ ఇసకని తీసుకెళ్లి మళ్లీ ఓవెన్లో పెట్టాను. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. జల్లెడ కన్నాల్లో ఇరుక్కుందేమోనని బ్రష్షు పెట్టి తోమించాను. పళ్లెం అంచుకి సందుందేమోనని నీళ్లు పోసి చూశాను. తల ప్రాణం తోకకి వచ్చింది గానీ ఇసక మాత్రం రాలేదు.

అప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో ఎవరో అబ్బాయి, చాలా మర్యాదస్తుడు. ఒకసారి రీస్టార్ట్ చేయమన్నాడు. చేశాను. ఇంకోసారి చేయమన్నాడు. నేను ఏదో అన్నాను, ఇక్కడ రాయను. పాపం తనే మా కంప్యూటర్లోకి వచ్చి అన్ని గడులూ చూసుకున్నాడు.

"మేడమ్, కాలిక్యులేషన్ కరెక్టేనండి. మీరు ఎంటర్ చేసిన వెయిట్సే తక్కువున్నాయండి."

"తక్కువున్నాయని నాకూ కనపడుతోంది నాయనా. ఆ తక్కువ ఏమైంది? నేను తిన్నానా?"

"అది సాఫ్ట్‌వేర్ చెప్పలేదండి" అన్నాడు. అన్యాయంగా తిట్టాను గానీ అతను చెప్పిందే నిజం.

నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఇంకొకటి. అదే వారం వేరే ఊళ్ల నుంచి వచ్చిన మట్టిని అదే అక్క, అవే జల్లెడల్లో జల్లించింది. అవన్నీ చక్కగా సరిపోయాయి. ఒక్క అక్క స్థలం మట్టే, అదీ కింది పొరలే, మొండికేశాయి. ఇక మిగిలింది అక్క చెయ్యి. సొంత పని కదా, ముహూర్తం కంగారులో ఎక్కడో ఒలకబోసి ఉంటుందనుకున్నాను. మనసులో అనుకుని ఊరుకుంటే నేనెందుకవుతాను? పైకి అనేశాను.

అక్క మొహం మాడిపోయింది. "నా మట్టి నేనే ఒలకబోసుకుంటానా మేడమ్‌గారూ" అంది. వెళ్లి సింకు కడగడం మొదలుపెట్టింది. శుభ్రంగా ఉన్న సింకునే.

ఇంతలో ఓనరుగారు వచ్చారు. నా వెనక నిలబడి ఎర్ర గడుల్ని చూశారు. ఆయన ఈ జిల్లాలో పెద్ద పెద్ద పనులు చేసిన ఇంజనీరు. తాపీ మనిషి, ఏ విషయానికీ హడావిడి పడరు.

"పోయిందేదో పళ్లెం తూకంలో కలిపెయ్యమ్మాయ్. లెక్క సరిపోతుంది" అన్నారు.

"కలిపెయ్యడం ఏంటండీ?"

"నల్ల బంక నేల. బందరు నుంచి గుడివాడ దాకా ఎక్కడ తవ్వినా అదే. నేను కళ్లు మూసుకుని చెబుతాను. పై పొర చూశావుగా, కిందా అదే. పాపం శుక్రవారం ముహూర్తం పెట్టుకుంది."

"కళ్లు మూసుకుని చెప్పేదానికి ఈ కంప్యూటర్ ఎందుకండీ, నేనెందుకు? కళ్లు మూసుకునే ఆ కాయితం మీద సంతకం పెట్టేయండి."

ఆయన నవ్వారు. నా నోటికి ఆయన అలవాటుపడిపోయారు. కానీ సింకు దగ్గర్నుంచి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పోనీ సార్ చెప్పినట్టే చేసెయ్యండి మేడమ్‌గారూ. మూఢం వచ్చేత్తే మళ్లీ మా ఆయన మనసు మారిపోద్ది. ఇప్పటికే పడవ అమ్మించానని ఊళ్లో అందరూ దెప్పుతున్నారు" అంది. ఆ గొంతు వింటుంటే నాకే కలిపేయాలనిపించింది. నిజంగా అనిపించింది. పళ్లెం గడిలో అంకె మార్చడానికి ఎంతసేపు? కానీ కళ్లెదురుగా సగం ఇసక మాయమైతే, ఏమైందో తెలియకుండా నాకు అన్నం సహించదు. అది మంచితనం అని చెప్పను, మొండితనం.

"సంచిలో ఇంకా మట్టి ఉందిగా. మళ్లీ చేద్దాం. ఈసారి నేను నీ పక్కనే కూర్చుంటాను" అన్నాను.

కూర్చున్నాను. అక్క కడుగుతుంటే తప్పు పట్టడానికి ఏమీ లేదు. జల్లెడని కొద్దిగా వంచి, సన్నటి ధార పోస్తూ, వేళ్ల కొసలతో నిమిరి, కిందికి వచ్చే నీళ్లు తేటపడేదాకా ఓపిగ్గా కడిగింది. మిగిలిందాన్ని ఒక్క గింజ పోకుండా గిన్నెలోకి దించింది. ఓవెన్లో ఆరాక తెచ్చి నా ఎదురుగా తూచింది. నేను కంప్యూటర్లో కొట్టాను. ఇక జల్లెడల్లో పోయడమే తరువాయి. నేను ఆ జల్లెడల వైపు తిరిగాను.

అక్క తిరగలేదు. తలుపు వెనక నుంచి చిన్న చేట తీసింది. గిన్నెలోది చేటలో పోసుకుంది. వెలుతురు కోసం పెరటి గుమ్మం మీద కూర్చుని, చేటని ఒకసారి అటూ ఇటూ కదిపి, చూపుడువేలితో తోసుకుంటూ తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"ఏరుతున్నానండి."

నేను అర్థంపర్థం లేని ప్రశ్న అడిగినట్టు చూసింది. మా వైపు బియ్యం పొయ్యెక్కాలంటే ముందు చేటలోకి రావాలి. మా అమ్మ ఇప్పటికీ, మిల్లులో అన్నిసార్లు పాలిష్ పట్టిన బియ్యాన్ని కూడా, ఒకసారి చేటలో పోసి వేలితో నెట్టుకోందే ఎసట్లో పొయ్యదు. అక్క అదే చేసింది. తూచిన తర్వాత, జల్లించే ముందు.

"ఎవరు ఏరమన్నారు?"

"మీకు ముందు ఇక్కడ చేసిన పాత సార్ చెప్పారండి, వేర్లూ చెత్తా ఉంటే తీసెయ్యమని. పెంకులూ అవీ పడితే సన్న జల్లెడ తెగిపోద్ది కదండీ. మళ్లీ తెప్పించాలంటే ఎంత ఆలస్యం. నేను ఎప్పుడూ ఏరే పోస్తాను. ఇది నా సొంత మట్టి కదా అని ఇంకా శుభ్రంగా ఏరాను."

నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. దొంగ దొరికాడు. డెల్టా మట్టిలో మామూలుగా ఏరడానికి ఏముంటుంది? ఒక వేరుముక్క, ఒక గవ్వ. అవి పోయినా తూకంలో తెలియదు. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. రాయి అన్నది దొరకని నేల కాబట్టి మా పెద్ద కన్నాల జల్లెడలు అసలు కిందికి దిగవు. బీరువా మీద ఉంటాయి. ఒకదాంట్లో అక్క కరివేపాకు ఆరబెట్టుకుంటుంది.

"మొదటిసారి ఏరినవి ఏం చేశావు?"

"మిగతావాళ్లవైతే పారేస్తానండి. నావి పారెయ్యబుద్ధి కాలేదు" అని లేచి వెళ్లి, తన క్యారేజీ సంచిలోంచి ఒక కవరు తెచ్చింది. లోపల వేరువేరు పొట్లాలు. ఏ లోతు మట్టిలోవి ఆ పొట్లంలో కట్టింది. తన స్థలంలోంచి వచ్చింది ఏదైనా సరే, దాన్ని చెత్తబుట్టలో వెయ్యడానికి ఆవిడకి చెయ్యి రాలేదు.

ఆ పొట్లాల మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. కరివేపాకు దులిపి పెద్ద జల్లెడ దింపించాను. మొదటి పొట్లం విప్పి దాంట్లో వేశాను, అంతా పైనే ఆగింది. తూచాను. కంప్యూటర్లో మొదటిసారి లెక్క తెరిచి, పెద్ద జల్లెడకి కొత్త వరస పెట్టి ఆ అంకె కొట్టాను. ఎర్ర గడి పచ్చబడింది. రెండో పొట్లం తూచి కొట్టాను. అదీ పచ్చబడింది. అణా పైసలతో సహా సరిపోయింది లెక్క. కుర్చీలో వెనక్కి వాలిపోయాను.

"సరిపోయిందా మేడమ్‌గారూ?" అంది అక్క.

"సరిపోయింది."

అక్క తూకం మెషిన్‌ని రెండు చేతులతో తాకి కళ్లకద్దుకుంది. వెంటనే ఫోన్ తీసి గుమ్మంలోకి వెళ్లి భర్తకి చేసింది. ఆయన హార్బర్లో ఉన్నట్టున్నాడు, వేలంపాట గోల ఇక్కడిదాకా వినపడుతోంది. "సరిపోయిందంటయ్యా. మేడమ్‌గారు చెప్పారు. శుక్రవారానికి పంతులుగారికి చెప్పెయ్యి" అని గట్టిగా చెబుతోంది. ఇంత గట్టిగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

అంకెలన్నీ అందాక సాఫ్ట్‌వేర్ తన పని తను చేసుకుపోయింది. గీత గీసింది. కింద, మట్టి రకం అని ఉన్నచోట, ఈ పొరలో కంకర ఉందని రాసింది.

కంకర. మొవ్వలో. రాయి కావాలంటే బెజవాడ కొండల దగ్గర్నుంచి లారీలో తెచ్చుకునే మొవ్వలో, మనిషి లోతు కింద కంకర. మళ్లీ ఏదో గడబిడ చేసింది ముండా సాఫ్ట్‌వేర్ అని గొణుక్కుంటూ, జల్లెడలో ఉన్నవాటిని ఒక తెల్లకాయితం మీదికి ఒంపాను. అంతవరకూ వాటిని తూచానే గానీ పరికించి చూడలేదు.

అవి రాళ్లు కావు. ఎర్రటి ఇటుక ముక్కలు. నల్లబడిన బంగాళాపెంకు మూల ఒకటి. ఒక వైపు సున్నం అంటుకుని ఉన్న గచ్చుపెళ్ల. వాటి మధ్య గోరంత నీలం నైలాను వల ముక్క, ముడితో సహా.

ఒక్కొక్కటీ వేలితో తిప్పి చూశాను. ఆ లోతులో ఇటుకలు పుట్టవు. పెంకులు పుట్టవు. ఎవరో తెచ్చి పోస్తే ఉంటాయి. పోయాలంటే అక్కడ గొయ్యి ఉండాలి. పొలాల మధ్య అంత పెద్ద గొయ్యి ఎందుకుంటుందో ఆ వల ముక్కే చెబుతోంది. చేపల చెరువు. చెరువుని పాత ఇళ్ల పెళ్లలతో నింపేసి, పైన ఒక మోస్తరు మందాన మంచి నల్లమట్టి పరిచి, రోడ్లు వేసి, రాళ్లు పాతి, ప్లాట్లని అమ్మారు.

నేను పిలవలేదు గానీ నా వాలకం చూసి ఓనరుగారే లేచి వచ్చారు. కాయితం మీదికి వంగి చూశారు. ఆ వల ముక్కని రెండు వేళ్లతో ఎత్తి వెలుతురులో పట్టుకున్నారు. తర్వాత పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయారు.

"చెరువు పూడ్చారమ్మాయ్" అన్నారు. కళ్లు మూసుకుని చెబుతానన్న మనిషి. ఇంకెప్పుడైనా అయితే ఆయన్ని ఆ మాటతో నెలరోజులు ఏడిపించేదాన్ని.

ఫోన్ పెట్టేసి అక్క లోపలికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "రిపోర్టు రేపిచ్చేత్తారా మేడమ్‌గారూ? మేస్త్రీకి చూపించాలి" అంది. నేను కాలేజీలో అన్నేళ్లు పాఠాలు చెప్పాను. ఎలాంటి మొద్దుకైనా ఎలాంటి పాఠమైనా ఎక్కించగలనని నాకు పొగరు. ఆ పూట మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కాయితం దగ్గరికి తీసుకొచ్చాను. అది చెరువని చెప్పాను. పోసిన పెళ్లలు సమంగా కూర్చోవని, ఏళ్ల తరబడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంగుతూనే ఉంటాయని, వానాకాలంలో నీళ్లు మళ్లీ అక్కడికే వస్తాయని, శ్లాబు వేసిన ఇల్లు దాని మీద నిలవదని చెప్పాను. గోడలు బీటలిస్తాయి అన్నదాకా వచ్చి ఆగిపోయాను.

"కట్టకూడదా అండీ?"

"కట్టకూడదక్కా. కింద గట్టినేల దాకా కాంక్రీటు పైల్స్ దింపి కట్టాలి. అది మనలాంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు."

అక్క వల ముక్కని తీసుకుంది. ముడిని గోటితో తడిమింది. "రొయ్యల చెరువుది" అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది.

నాకు తెలిసింది ఒకటే విద్య, కోపం. ఆ వెంచర్‌వాడి మీద విరుచుకుపడ్డాను. వాడెవడో చూపించమన్నాను. పోలీసు కేసు పెడదామన్నాను, ఆఫీసు ముందు కూర్చుందామన్నాను. "మట్టి పరీక్ష కూడా చేయించకుండా వీధులు వేసి అమ్మేశాడా వెధవ" అని అరిచాను.

"చేయించాడండి" అంది అక్క.

నేను అరవడం ఆపాను.

"మీరప్పటికి రాలేదు. ఇక్కడే చేయించాడు, మన ల్యాబులోనే. ఇక్కడి ముద్రేసిన కాయితం అందరికీ చూపించి అమ్మాడు. మా ఆయన సముద్రం పక్కన పుట్టినోణ్ని, పొలాల్లోకి రాను అంటే, ఆ కాయితం చూపించే ఒప్పించాను. ఆ మట్టి నా చేత్తో నేను కడిగాను, మంచి మట్టి అని చెప్పాను."

ఓనరుగారు తలెత్తలేదు. స్టూలు మీద అలాగే, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. అడగకూడదని తెలిసి కూడా అడిగాను.

"మరి అప్పుడు ఇలాంటివి రాలేదా అక్కా?"

అక్క తెల్లకాయితం మీదున్న ఇటుక ముక్కల్ని చూపుడువేలితో ఒక్కొక్కటే పక్కకి తోసింది. గుమ్మం దగ్గర పెట్టిన ఆవిడ ఫోన్ మోగుతోంది. పంతులుగారికి చెప్పేసి భర్తే చేస్తున్నాడని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. మోగి మోగి ఆగిపోయింది.

"వచ్చినయ్యండి. శానా వచ్చినయ్యి" అంది. "అన్నీ ఏరేశాను."

కంప్యూటర్ మీద గడులన్నీ పచ్చగా ఉన్నాయి. సేవ్ నొక్కితే రిపోర్టు తయారవుతుంది, ఇక దాన్ని మార్చడానికి ఉండదు. నా చెయ్యి లేవలేదు. అక్క నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది.

"పక్క ప్లాటోళ్లు పోయిన నెలే ఇంట్లో దిగారండి. చంటిపిల్లలున్నారు. నొక్కండి మేడమ్‌గారూ."

నొక్కాను.